మాల తీసేశాక ఏం చేయాలి? మద్యం మానాలనుకునేవాళ్ల మీటింగుల గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 41 ఏళ్లు, చిన్న పట్టణంలో ఎరువుల దుకాణం. రెండుసార్లు ఆసుపత్రిలో చేరి మానారు, రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఈసారి డిశ్చార్జి చేస్తూ డాక్టరు గారు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే సంఘం) మీటింగులకు వెళ్లమన్నారు. అవి ఎక్కడ జరుగుతాయో తెలియదు, ఇంగ్లీషు రాదు, చర్చిలో పెడతారట కదా మతం సంగతేంటి, తెలిసినవాళ్ల కంట్లో పడితే పరువేం కాను, అసలు పదిమంది కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు ఎలా పోతుంది అని అడిగారు. తెలిసినంతవరకు అన్నిటికీ చెప్తాను. కాస్త పెద్దదవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు నా సంగతి. నేను డాక్టర్ని కాదు. 19 ఏళ్లు తాగాను, మానేసి 17 ఏళ్లయింది. పేరు రాయను. పేపర్లో, టీవీలో, ఇలా నలుగురూ చదివే చోట పేరు బయటపెట్టుకోకపోవడం మా పద్ధతి. ఏఏ తరఫున మాట్లాడే అధికారం నాకే కాదు, ఎవరికీ లేదు. నేను చూసింది, నా ఒంటిమీదికి వచ్చింది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మీరు ఎప్పుడైనా అయ్యప్ప మాల వేశారా? నేను ఆరేళ్లు వరసగా వేశాను. భక్తి లేదని కాదు, కానీ అసలు కారణం తాగుడు. 41 రోజులు ఒక్క చుక్క ముట్టేవాణ్ణి కాదు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. అన్నీ సాఫీగా జరిగిపోయేవి. మా అమ్మ "చూశావా, నువ్వు అనుకుంటే మానగలవు" అనేది. కొండకు వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రానికే చేతిలో గ్లాసు ఉండేది. ఆరేళ్లూ అంతే. నాలో పట్టుదల లేదని, నేను పనికిరాని మనిషినని చాలాకాలం అనుకున్నాను.

మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టాక తెలిసింది అసలు విషయం. ఆ 41 రోజులు నన్ను నిలబెట్టింది నా పట్టుదల ఒక్కటే కాదు. పొద్దున్నే పీఠం దగ్గర నాలాంటి వాళ్లు పాతికమంది. సాయంత్రం భజన, కలిసి భిక్ష. కలెక్టరైనా కూలీ అయినా పిలుపు ఒకటే, "స్వామీ". కొత్తగా వేసుకున్న కన్నెస్వామికి ఏ అనుమానం వచ్చినా చెప్పడానికి గురుస్వామి. మనసు లాగే వేళకి నా పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్లు. మాలతో పాటు ఆ మనుషులూ పోయేవాళ్లు. మర్నాటి నుంచి సాయంత్రం ఏడింటికి నేనొక్కణ్ణే, నా తాగుడొక్కటే.

మీ ఆసుపత్రి కథ కూడా ఇదే. తాగుడు ఆపించడం ఆసుపత్రి పని, ఆ పని వాళ్లు బాగానే చేశారు. ఆగినదాన్ని రోజూ నిలబెట్టుకోవడం వేరే పని. ఇంటికొచ్చాక దానికి తోడు లేదు, అందుకే మూడు నెలలు నిలవలేదు. ఏఏ మీటింగు అంటే తీసేసే తేదీ లేని మాల అనుకోండి. ఒకేసారి జన్మంతటికీ వేసుకోమని కూడా ఎవరూ అనరు. ఈ రోజుకి తాగను, అంతే. రేపటి సంగతి రేపు చూసుకుందాం. మా వాళ్లు దీన్ని "24 గంటలు" అంటారు.

మాటలతో తాగుడు పోతుందా అన్నారు. ఏఏ పుట్టిందే మాటల్లోంచి. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో బిల్ అనే వ్యాపారి హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది, చేతిలో డబ్బు లేదు, పక్కనే బార్. ఇంకో తాగుబోతుతో మాట్లాడకపోతే తాను తాగేస్తానని అతనికి అర్థమైంది. అక్కడి చర్చిలకు ఫోన్లు చేసి, అటుతిరిగి ఇటుతిరిగి డాక్టర్ బాబ్ అనే సర్జన్ ఆచూకీ పట్టాడు. ఆ డాక్టరుది కూడా మానలేని తాగుడు. పదిహేను నిమిషాలు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చాడు, ఆరు గంటలు కదల్లేదు. ఎందుకంటే అప్పటిదాకా అతనికి అందరూ బుద్ధులే చెప్పారు. బిల్ మాత్రం తన తాగుడు కథ తాను చెప్పుకున్నాడు. తర్వాత డాక్టర్ బాబ్ ఒకసారి జారి మళ్లీ తాగాడు. జూన్ 10న ఆపరేషన్ చేయాల్సి వస్తే, చేతుల వణుకు ఆగడానికి ఆ పొద్దున బిల్ స్వయంగా అతనికి ఒక బీరు ఇచ్చాడు. అదే అతను తాగిన ఆఖరిది. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. మన దేశంలోకి 1957లో ఢిల్లీలో అడుగుపెట్టింది.

పరిశోధనలు కూడా జరిగాయి. వైద్య పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, అందులోని 10,565 మందిని కలిపి పరిశీలించింది. డాక్టర్లూ కౌన్సిలర్లూ ఓ పద్ధతి ప్రకారం పేషెంట్లను ఏఏకి అలవాటు చేసినప్పుడు, పూర్తిగా మానేసి నిలబడిన వాళ్లు మిగతా చికిత్సల కంటే ఎక్కువే ఉన్నారని తేల్చింది. మీ డాక్టరు గారు ఊరికే చెప్పలేదు. ఆయన చెప్పారంటే మీ అదృష్టమనే అనుకోండి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందుతోందని 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన సర్వే చెప్పింది. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో మీకూ నాకూ తెలుసు.

మీకిప్పుడు అవసరం లేకపోయినా, ఇది చదివే ఇంకొకరి కోసం ఒక మాట రాయాలి. రోజూ ఎక్కువ తాగేవాళ్లు మీటింగు గురించి చదివి ఆవేశంగా ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయకండి. ఆపిన కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత లేనివి కనపడటం, వినపడటం, మనిషి మనిషిలా లేకపోవడం జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గర నిద్రమాత్రల కోర్సు, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో ఆ నాలుగైదు రోజులు దాటించాలి. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకైతే ఇంకా జాగ్రత్త కావాలి. అందులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు కాబట్టి ఒక్కసారి ఆపితే పిచ్చిపట్టినట్టు అయిపోతారు. కల్లే కదా అని డాక్టరు దగ్గర దాచొద్దు. ఏం తాగారో, ఎంత తాగారో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక మీటింగు ఎక్కడ అన్నది. హైదరాబాద్, సికింద్రాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏఏ గ్రూపులు ఎప్పటినుంచో ఉన్నాయి. పెద్ద ఊళ్లలో వారంలో చాలా రోజులు ఎక్కడో ఒకచోట మీటింగు ఉంటుంది. ఏఏకి ముంబైలో దేశం మొత్తానికి ఒక ఆఫీసు ఉంది. గూగుల్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇండియా అని కొడితే వాళ్ల వెబ్‌సైటు వస్తుంది, అందులో ప్రాంతాల వారీగా ఫోన్ నంబర్లు దొరుకుతాయి. ఆ నంబరు ఎత్తేది ఉద్యోగి కాదు, మనలాంటి మెంబరే. "అన్నా, నాకు తాగుడు సమస్య ఉంది, మీటింగు ఎక్కడో చెప్పండి" అంటే చాలు, మిగతాది ఆయనే అడుగుతాడు. మీటింగు తెలుగులోనా, గుర్తు ఏంటి, ఈ వారం తప్పకుండా ఉందా అనేవి మాత్రం మీరే అడిగి తెలుసుకోండి. హాళ్లు మారుతుంటాయి. పాత చిరునామా పట్టుకుని వెళ్లి తాళం చూసి తిరిగొచ్చి, ఆ నిరాశలో తాగినవాళ్లను చూశాను. ఫోన్ చేయకుండా బయలుదేరొద్దు.

నెట్‌లో దొరక్కపోతే మీరు చేరిన ఆసుపత్రికే ఫోన్ చేసి కౌన్సిలర్‌ని గానీ సోషల్ వర్కర్‌ని గానీ అడగండి. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ మానసిక వైద్యశాల లాంటి పెద్ద చోట్లే కాదు, జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లో కూడా దారి చెప్పేవాళ్లు ఉంటారు. 14446 కేంద్ర ప్రభుత్వం వారి వ్యసన విముక్తి హెల్ప్‌లైను. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, అందులో తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం. మనసు మరీ కుంగిపోయి బతుకు మీద విరక్తి పుట్టిన రాత్రి 14416కి వెంటనే చేయండి, మీటింగు దాకా ఆగొద్దు.

మీ ఊళ్లో గ్రూపు లేకపోతే ఏం చేయాలి? వారానికొకసారి దగ్గర్లోని పెద్ద ఊరికి బస్సెక్కండి. సరుకు కోసం ఎటూ వెళ్తారు కదా, ఆ రోజునే పెట్టుకోండి. మిగతా రోజులు ఫోన్‌లో. 2020 లాక్‌డౌన్‌లో హాళ్లు మూతపడ్డాక మీటింగులు జూమ్‌లోకి వచ్చాయి, తర్వాత కూడా చాలావరకు ఆగలేదు. తెలుగులో జరిగే ఆన్‌లైన్ మీటింగుల్లో దుబాయ్ నుంచి, కువైట్ నుంచి, అమెరికా నుంచి మనవాళ్లు కూర్చుంటారు. కెమెరా ఆపుకోవచ్చు. ఆడవాళ్లకు ఇది పెద్ద వరం, తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్లు మన ఊళ్లలో హాలు దాకా రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ మీకు మాత్రం నా సలహా, ఆన్‌లైన్ ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. నెలకు రెండుసార్లయినా మనిషి పక్కన మనిషిగా కూర్చోండి. ఇంకొక్క సంగతి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఏఏ లెక్కలో అదే గ్రూపు. రేపు మీ ఊళ్లో మీరే మొదలుపెట్టొచ్చు. దానికి ఇంకా టైముంది.

నా మొదటి మీటింగు చెప్తాను, మీకు ఒక ఊహ వస్తుంది.

ఒక స్కూల్లో, సాయంత్రం ఏడింటికి. స్కూటర్ మీద ఆ గేటు ముందు నుంచి మూడుసార్లు వెళ్లాను. నాలుగోసారి లోపలికి తిప్పాను. చిన్న పిల్లల క్లాసు గది, గోడల మీద అ అమ్మ, ఆ ఆవు బొమ్మలు. పన్నెండు మంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, మూల బల్ల మీద టీ ఫ్లాస్కు, మ్యారీ బిస్కెట్లు. నేను ఆపి రెండో రోజు, చేతులు ఒకటే వణుకు, రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఒక పెద్దాయన కప్పులు నింపి ఒక్కొక్కరికి అందిస్తూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి కప్పులో సగమే పోశాడు. నాకు ఒళ్లు మండింది, కొత్తవాడిననే కదా అనుకున్నాను. అందుకున్నాక తెలిసింది. నిండా పోసి ఉంటే నా ప్యాంటు మీద, పక్కవాడి మీద పడేది. సగం కాబట్టి ఒలకలేదు. ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. అయిపోయాక ఇంకో సగం పోశాడు. అప్పటికి నన్ను చాలామంది తిట్టారు, కొందరు జాలిపడ్డారు, నా చేతుల సంగతి తెలిసి కప్పు సగమే నింపినవాడు ఆయనొక్కడే. మర్నాడు మళ్లీ వెళ్లింది దాని కోసమే.

మీటింగులో జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. ఫీజు లేదు, ఆధార్ అడగరు, సంతకం పెట్టించరు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటే అర్హత. ఇంకా తాగుతున్నా రావచ్చు. గంట, గంటన్నర ఉంటుంది. ఒకరు చైర్ చేస్తారు. చిన్న ప్రార్థన, తర్వాత మన పుస్తకాల్లోంచి ఓ పేజీ చదువుతారు, తెలుగు పుస్తకాలు ఉన్నాయి. ఆ తర్వాత షేరింగ్. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి ఒక్కొక్కరు తమ సంగతి చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు, తర్కించరు. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది. మొదటి నెల రోజులు నేను అంతకుమించి మాట్లాడలేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది. ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు, హాలు అద్దె, టీ ఖర్చు దాంతోనే. కొత్తవాళ్లు వేయక్కర్లేదు. ప్రభుత్వం దగ్గర గానీ, కంపెనీల దగ్గర గానీ, దాతల దగ్గర గానీ ఏఏ పైసా తీసుకోదు. ఎవరైనా ఏఏ పేరు చెప్పి మీ దగ్గర చందా వసూలు చేయబోతే, అది ఏఏ కాదని తెలుసుకోండి.

ఓపెన్ మీటింగు అంటే ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ అంటే మనం మాత్రమే. మొదటిసారి మీ ఆవిడ తోడు కావాలనిపిస్తే ఓపెన్ మీటింగు ఎప్పుడో అడిగి వెళ్లండి.

చర్చి సంగతి. చాలా గ్రూపులు చర్చి గదుల్లో, మిషనరీ స్కూళ్లలో జరిగేది నిజమే. సాయంత్రం పూట ఖాళీగా ఉండి తక్కువ అద్దెకు గది ఇచ్చేది వాళ్లు, అంతకుమించి సంబంధం లేదు. ఏఏకి ఏ మతంతోనూ, ఏ పార్టీతోనూ ముడి లేదు. తాగుడు మానడానికి ఏఏ చెప్పే 12 మెట్లలో దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకే అని అందులోనే ఉంది. మా గ్రూపులో విభూతి పెట్టుకొచ్చేవారు, నమాజు చేసుకొచ్చేవారు, ఆదివారం ప్రార్థన చూసుకుని వచ్చేవారు ఉన్నారు. దేవుడే లేడనే కామ్రేడ్ కూడా ఒకాయన ఉన్నారు, తనకంటే పెద్ద శక్తి అంటే తనకు ఈ గ్రూపేనంటారు. ఆయన మానేసి నాకంటే ఎక్కువ ఏళ్లయింది. అయినా ప్రార్థనలు మీకు పొసగకపోతే స్మార్ట్ రికవరీ అని దేవుడి ప్రస్తావన లేని పద్ధతి ఉంది, మనకు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఆసుపత్రుల్లో గ్రూప్ థెరపీ ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకోండి, అన్నీ వదిలేసి ఇంట్లో కూర్చోకుండా ఉంటే చాలు.

పరువు గురించి. నేను వెళ్లిన మూడో వారంలో మా అబ్బాయికి లెక్కలు చెప్పే మాస్టారు లోపలికొచ్చారు. ఇద్దరం తలలు దించేసుకున్నాం. కాసేపటికి నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే వచ్చి అందులోనే కూర్చున్నారు. ఆ తర్వాత స్కూల్లో ఎన్నోసార్లు కలిశాం, మార్కుల గురించే మాట్లాడుకున్నాం. అక్కడ కనిపించే మనిషి మీరు వచ్చిన పని మీదే వచ్చాడు, మీ గుట్టు ఎంతో ఆయన గుట్టూ అంతే. అక్కడ విన్నది అక్కడే వదిలి రావడం అందరూ పాటించే పద్ధతి. అయినా మనుషులం కాబట్టి, మరీ లోతైన సంగతులు, కేసులు, డబ్బు లెక్కలు మొదట్లోనే అందరిలో చెప్పకండి. ఇంకో మాట, తమ్ముడూ, నొచ్చుకోకండి. మీరు తాగుతారని మీ ఊరికి తెలుసు. దుకాణానికొచ్చే రైతుకు తెలుసు. మానడానికి వెళ్తున్నారని తెలిస్తే కొత్తగా పోయేది ఏముంది?

స్పాన్సర్ అనే మాట వింటారు. గురుస్వామి లాంటివాడనుకోండి, కాకపోతే కాళ్లకు దణ్ణాలు పెట్టనక్కర్లేదు. కొన్నేళ్లుగా మానేసి, ఇంటినీ పనినీ సరిగా చూసుకుంటూ, మీరు అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోనివాణ్ణి చూసుకోండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండటం మంచిది. తొందరపడి మొదటి రోజే ఎంచుకోవద్దు. డబ్బు అప్పివ్వడం, పుచ్చుకోవడం గ్రూపులో ఎవరితోనూ పెట్టుకోవద్దు. మా గ్రూపు ఒకసారి సగం ఖాళీ అయింది చీటీ డబ్బుల గొడవతోనే. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపుకు వెళ్లండి. పెత్తనం చేసేవాడు ఉంటాడు, ఒకే కథ ఇరవైసార్లు చెప్పేవాడు ఉంటాడు. కనీసం ఆరు మీటింగులు చూడకుండా "నాకు సరిపడలేదు" అనుకోవద్దని మాత్రం అడుగుతున్నాను. మొదటి 90 రోజుల్లో 90 మీటింగులు అని పాతవాళ్లు చెప్తారు. మీకు హాలుకు వెళ్లడం కుదరకపోయినా ఫోన్‌లో కలుపుకుంటే అసాధ్యం కాదు. మీకది అవసరం కూడా, ఎందుకంటే మీరు జారేది ఎప్పుడూ ఆ మూడు నెలల్లోనే.

మందుల విషయంలో ఎవరో ఒకరు "మాత్రలు ఆపేయ్, మీటింగు చాలు" అనొచ్చు. వినకండి. మెంబర్లు డాక్టర్లు కారు. తాగాలనే కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్ గానీ, అకాంప్రొసేట్ గానీ, నిద్రకో డిప్రెషన్‌కో రాసినవి గానీ డాక్టరు చెప్పేదాకా వాడండి. మీటింగూ మాత్రా ఒకదానికొకటి పోటీ కాదు.

మీ ఆవిడ గురించి ఒక ముక్కే రాశారు, "ఆమెకు నా మీద నమ్మకం పోయింది" అని. నిజానికి దీని మీదే ఎక్కువ రాయాలని ఉంది. పక్కింటివాళ్లు చెప్పారని కూరలో, మజ్జిగలో తెలియకుండా తాగుడు మాన్పించే పొడి కలిపే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మా ఇంట్లోనూ జరిగింది. ఆ పొడుల్లో, మాత్రల్లో డైసల్ఫిరామ్ అనే ఔషధం ఉంటే, అది కడుపులో ఉండగా మద్యం తాగినవాడికి ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు, బీపీ పడిపోవడం. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఆ మాత్ర డాక్టరు రాసి, తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది. నాకు తెలియకుండా ఇచ్చినందుకు మా ఆవిడ మీద కోపం లేదు. ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

ఆ దారి పేరు అల్-అనాన్. తాగేవాళ్ల భార్యలు, తల్లులు, పిల్లలు కలుసుకునే మీటింగు. బిల్ భార్య లోయిస్ వాళ్లు 1951లో మొదలుపెట్టారు. భర్త మానాడా లేదా అన్నదాంతో పని లేకుండా ఆమె వెళ్లొచ్చు. మా ఆవిడ అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి, నా తాగుడుకు తాను కారణం కాదని. పదిహేనేళ్లు ఆ బరువు మోసిందట, నాకు తెలియదు. సీసాలు వెతకడం, ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ" అని అబద్ధం చెప్పడం, పిల్లల నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం, మూడూ మానేసింది. అంతకుముందు ఆ ఒట్లు నేను తప్పుతూనే ఉండేవాణ్ణి, తప్పిన ప్రతిసారీ మా అబ్బాయికి ఏమవుతుందోనని ఆమె వణికిపోయేది. దయచేసి మీ ఇంట్లో పిల్లల మీద ఒట్లు ఆపేయండి. ఆమెకు మీ మీద నమ్మకం రావడానికి టైము పడుతుంది. నా విషయంలో దాదాపు రెండేళ్లు పట్టింది. నేను ఇంటికి రాగానే వాసన చూడటం ఆమె ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ గుర్తు లేదు.

మళ్లీ జారితే? మేం స్లిప్ అంటాం. నాకు ఏడో నెలలో జరిగింది, బావమరిది పెళ్లిలో. మర్నాడు మీటింగుకు వెళ్లడానికి సిగ్గేసి తొమ్మిది రోజులు వెళ్లలేదు, ఆ తొమ్మిది రోజులూ తాగాను. స్లిప్ కన్నా ఆ సిగ్గే నాకు ఎక్కువ నష్టం చేసింది. చివరికి వెళ్తే "వచ్చావా, కూర్చో" అన్నారు, అంతే. రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది, నేర్చుకున్నది మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ రోజు నుంచి నేటి వరకు లెక్కే ఈ 17 ఏళ్లు.

మీ వ్యాపారంలో ఒక ప్రమాదం ఉంది, మీరు రాయకపోయినా నాకు తెలుసు. సీజన్ ముందు కంపెనీవాళ్లు పెట్టే డీలర్ల మీటింగులు. పగలంతా టార్గెట్లు, రాత్రి హోటల్లో మందు. ఈ ఏడాది పగటి మీటింగుకు వెళ్లి, భోజనాల ముందే బయటపడండి. కారణం అడిగితే "లివర్‌కి మందులు వాడుతున్నాను, డాక్టరు వద్దన్నాడు" అనండి, మన దగ్గర ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. దసరాకి, దినాలకి, దావత్‌లకి కూడా అదే. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే బయలుదేరే ముందు ఒక మెంబరుకు ఫోన్, తిరిగొచ్చాక ఒక ఫోన్. "మొదటి గ్లాసు ముట్టకపోతే పదో గ్లాసుతో గొడవే లేదు" అని ఆ టీ పోసిన పెద్దాయన అనేవారు. మనలాంటివాళ్లకు ఒక్కటితో ఆపడం అనేది లేదు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ఇవాళే ఆ నంబరుకు చేసి చోటు కనుక్కోండి. వెళ్లేముందు కడుపునిండా అన్నం తినండి, ఆకలి మీద ఉన్నప్పుడు మనకు మందే గుర్తొస్తుంది. పది నిమిషాలు ముందే చేరండి, ఆలస్యంగా వెళ్తే అందరూ తిరిగి చూస్తారని గేటు దగ్గరే ఆగిపోతాం. తలుపుకు దగ్గరగా కూర్చున్నా పర్లేదు, కానీ చివరిదాకా ఉండండి. అయిపోయాక వెంటనే వెళ్లిపోకుండా కుర్చీలు సర్దడంలో ఒక చెయ్యి వేయండి, మాటలు అక్కడే కలుస్తాయి. ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. సోమవారం సాయంత్రం దుకాణం షట్టర్ దించేటప్పుడు, మీ కాళ్లు ఎటు లాగుతాయో మీకు తెలుసు కదా, షట్టర్ తాళం వేయకముందే ఆ ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేయండి.